మీ మాస్టారుకి చెప్పమ్మాయ్

మాస్టారు పోయారన్న కబురు నా సెల్‌ఫోనుకి వచ్చేసరికి, ఆఫీసు ఫోన్లో నేను బళ్ళారి డీలరు ఒకాయనతో "హోల్డ్ ఆన్, హోల్డ్ ఆన్" అంటున్నాను. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో, డిస్పాచ్ ఆఫీసులో నా ఉద్యోగమే అది. లారీ ఎక్కడుంది, ఎందుకు ఆగింది, ఎప్పుడొస్తుంది అని అరిచేవాళ్ళకు ఇంగ్లీషులో సర్దిచెప్పడం. ఆ హోల్డ్ ఆన్ నాకు నేర్పింది మాస్టారే. డీలరు ఇంకా లైన్లోనే అరుస్తున్నాడు. నేను మాత్రం గురజాలలో, ఒక వరండాలో, చాప మీద కూర్చుని ఉన్నాను.

మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, సాయంత్రాలు ఇంట్లోనే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెట్టారు. బోర్డు కొనలేదు. వరండాలోంచి వంటింట్లోకి వెళ్ళే జంట తలుపులకు నల్లరంగు వేయించారు. ఎడమ రెక్క మీద క్రియ రాసేవారు. కుడి రెక్క మీద, దాని పక్కన చేరే చిన్న మాట. పుట్ ఇటు, ఆఫ్ అటు. గెట్ ఇటు, అప్ అటు. పాఠం మంచి పట్టులో ఉండగా పిన్ని లోపలినుంచి తలుపు లాగేది. పుట్ ఒక పక్కకీ ఆఫ్ ఒక పక్కకీ వెళ్ళిపోయేవి, మధ్యలో కాఫీ గ్లాసుతో పిన్ని నిలబడి ఉండేది.

పిన్ని అంటే మాస్టారి భార్య. మాకు చుట్టరికమేమీ లేదు, వీధి వరస.

నేను క్లాసులో చేరిన మొదటిరోజు కూడా అలాగే తలుపు తెరుచుకుంది. పిన్ని నా వంక చూసి, "అమ్మాయ్, మీ మాస్టారుకి చెప్పు. కాఫీ చల్లారితే మళ్ళీ కాచేది లేదని" అంది. మాస్టారు ఆమెకు మూరెడు దూరంలో సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయనకు చెవుడేమో అనుకుని గొంతు పెంచి చెప్పాను. ఆయన తల ఊపి, "మీ పిన్నికి చెప్పు. పొగలు కక్కే కాఫీ తాగితే నాలుక కాలుద్ది, రేపు పాఠం ఎవరు చెబుతారని" అన్నారు. ఈమెకు కూడా చెవుడేనా అని నేను బిక్కమొహం వేశాను. పిన్ని కదలకుండా నిలబడింది. నేను ఆ ముక్క అప్పజెప్పాకగానీ లోపలికి వెళ్ళలేదు. మధ్యవర్తి నోటినుంచి రాని మాట ఆ ఇంట్లో చెల్లదు.

విషయమేమిటంటే, ఆ దంపతులకు మాటల్లేవు. ఎప్పుడో బంధువుల ముందు గోంగూర పచ్చడిలో ఉప్పెక్కువైందని ఆయన అన్నారట. "అంటే అన్నాడు. పదిమందిలో అనాల్నా?" అని పిన్ని వాదన. "ఉప్పెక్కువైన మాట నిజమా కాదా, అది చెప్పమను" అని మాస్టారి వాదన. ఆ పచ్చడి తిన్నవాళ్ళు కూడా ఆ సంగతి మరచిపోయారు. వీళ్ళు మాత్రం పట్టు వదల్లేదు. ముందు పలకరించినవాళ్ళు ఓడినట్టు అనేది ఇద్దరూ అనుకోకుండానే పెట్టుకున్న పందెం. పిల్లల్లేరు. అందుకని చదువుకోవడానికి వచ్చిన మమ్మల్నే రాయబారులుగా వాడుకునేవారు.

ఇక ఆయన పాఠం. ఇంగ్లీషు నేర్పుతున్నారో సంబంధాలు కుదురుస్తున్నారో తెలిసేది కాదు.

"పుట్ అనే పిల్ల ఉందనుకోండి. పుట్టింట్లో ఉన్నంతకాలం దాని పని ఒకటే, పెట్టడం. అదే పిల్ల 'ఆన్' వాళ్ళింటికి కోడలుగా పోయిందా, శుభ్రంగా గుడ్డలు కట్టుకుంటది. 'అవుట్' వాళ్ళింటికి పోతే దీపాలార్పుతది, మంటలార్పుతది. 'ఆఫ్' వాళ్ళింటికి పోయిందంటే ఇక అంతే, ఏ పని చెప్పినా రేపు చేస్తానంటది. ఇంటిపేరు మారితే పనీ మారుద్ది. పుట్టింటి గుణం చూసి అత్తింట్లో ఎట్టా ఉంటదో చెప్పబాకండి."

"పుట్ అప్ విత్ సంగతేంది మాస్టారూ?" అని అడిగాడు లారీ బాబాయ్. ఆయన మా క్లాసులో అందరికన్నా పెద్దవాడు. ఒడిశా దాకా లోడు తోలేవాడు. ఇంగ్లీషు వస్తే చెక్‌పోస్టుల దగ్గర మర్యాద పెరుగుతుందని చేరాడు.

"అదా! అప్పు, విత్తు... అత్తా ఆడబిడ్డా ఇద్దరూ ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో పడ్డ పిల్లకి ఒకటే పని. భరించడం."

వంటింట్లో మూత ఒకటి ధభేలుమంది. తలుపు తెరుచుకుంది. "అమ్మాయ్, మీ మాస్టారుకి చెప్పు. మా అత్తగారు వెన్నపూస. ఆడబిడ్డ బంగారం. నేను భరించేది వాళ్ళని కాదని." నేను చెప్పాను. మాస్టారు సుద్దముక్కని కాసేపు పరీక్షగా చూసి, తర్వాతి మాటకు వెళ్ళిపోయారు.

అర్థాలు బట్టీపట్టడమంటే ఆయనకు ఒళ్ళుమంట. "గివ్ అంటే ఇచ్చేవాడు, మంచోడే. అప్ అంటే పైకిపోయేవాడు, వాడూ మంచోడే. ఇద్దరికీ ముడిపెడితే ఏమైంది? వదిలేసుకోవడం! ఏ జాతకాలు చూసి చెబుతారు చెప్పండి? కాపరం చూడాల. జంటని జంటగా చూడాల." మాకు కష్టంగా ఉందని గొణిగితే విరుచుకుపడేవారు. "మనకి లేవా? ఈత కొడతారు, కన్ను కొడతారు, డబ్బా కొడతారు, క్లాసు బోరు కొట్టిందంటారు. ఇన్నిట్లో ఎవుడికైనా దెబ్బ తగిలిందా? తెలుగులో అయితే చంకలో బిడ్డ, ఇంగ్లీషులో అయితే నెత్తిన బండా?"

పెద్దపెద్ద మాటలు వాడితే అస్సలు ఒప్పుకొనేవారు కాదు. నేను ఒకసారి డిగ్రీ చదివిన దర్జా కొద్దీ పోస్ట్‌పోన్ అన్నాను. "అది పట్టుచీర. పెళ్ళికి కట్టుకో, కాదన్ను. ఇంట్లో అంట్లు తోమేప్పుడు నేతచీరే సుఖం. పుట్ ఆఫ్ అను" అన్నారు. ఆఫీసులో ఇప్పటికీ నాకు పట్టుచీర మాటలు నోట్లోకి రావు. మా మేనేజరుకి వస్తాయి. డీలర్లు ఆయన్ని మళ్ళీ మళ్ళీ అడిగించుకుని, చివరికి ఫోను నాకివ్వమంటారు.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది పసిపిల్ల పాఠం. ఎడమ రెక్క మీద పుట్, కుడి రెక్క మీద ఆఫ్ ఉన్నాయి. "ఈ జంటకి ఒక బిడ్డ ఉంది, దాని పేరు ఇట్" అన్నారు మాస్టారు. "ఎక్కడ పడుకోబెట్టాల? మీటింగు, పెళ్ళి, ప్రయాణం... ఇట్టాంటి పేరున్న పెద్దోళ్ళు జంటకి మధ్యలో అయినా పడుకుంటారు, ఆ పక్కనయినా పడుకుంటారు. ఇట్టూ, దెమ్మూ, హిమ్మూ పసోళ్ళు. అమ్మకీ నాన్నకీ మధ్యలోనే పడుకోవాల. పక్కన పడేస్తే ఏడుస్తారు. పుట్ ఇట్ ఆఫ్. టర్న్ ఇట్ ఆన్. పిక్ హిమ్ అప్."

"లుక్ ఆఫ్టర్ ఇట్ అంటారుగా? అక్కడ ఇట్టు మధ్యలో లేదే" అన్నాను నేను.

"అది కొత్తజంట. మధ్యలో ఎవుర్నీ రానియ్యరు. అందుకే చెప్పింది, కాపరం చూడాలని."

అందరం నవ్వుతున్నాం. లారీ బాబాయ్ మాత్రం తల గోక్కుంటూ తలుపు వంక, మాస్టారి వంక, వంటింటి వంక మార్చి మార్చి చూశాడు. "అయితే మాస్టారూ," అన్నాడు నిదానంగా, "ఈ ఇంట్లో ఇట్టులం మేమేనా?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు తలుపు వెనకనుంచి పిన్ని నవ్వు వినిపించింది. ఆపుకోబోయి, ఆగక, పొలమారి దగ్గు దాకా వెళ్ళిన నవ్వు. మాస్టారు అటు తిరిగి ఏదో అనబోయారు. నోరు తెరిచారు కూడా. మళ్ళీ నా వైపు తిరిగి, "మీ పిన్నికి చెప్పు, మంచినీళ్ళు తాగమని" అన్నారు.

ఆ తర్వాత కాలం మారింది. ఫోన్లోనే ఇంగ్లీషు నేర్పే బొమ్మలు వచ్చాయి. పొద్దున లేవగానే పలకరించి, తప్పు చెబితే ఎర్రగా, ఒప్పు చెబితే పచ్చగా వెలిగే బొమ్మలు. చాప మీద జనం పలచబడ్డారు. మాస్టారు ఫీజు వద్దన్నారు. అయినా ఎవరూ రాలేదు. పిన్ని మిరపకాయ బజ్జీలు వేయడం మొదలుపెట్టింది. "నీ స్నేహితురాళ్ళని పిలుచుకురా అమ్మాయ్. ఇంగ్లీషు కోసం కాకపోతే బజ్జీల కోసమన్నా రమ్మను" అని నాతో గుసగుసగా చెప్పింది. బజ్జీల కోసం వచ్చినవాళ్ళు బజ్జీలు తిని వెళ్ళారు. చివరికి నేనూ, లోడు లేని రోజుల్లో లారీ బాబాయీ మిగిలాం.

అప్పుడు నాకు అర్థమైంది, వాళ్ళిద్దరి కంగారూ క్లాసు గురించి కాదని. మేము వెళ్ళిపోతే ఆ ఇంట్లో మాట ఆగిపోతుంది. ఒక సాయంత్రం నేను ఆలస్యంగా వెళ్ళేసరికి ఇద్దరూ గడప దగ్గర చెరోవైపు కూర్చుని వీధిలోకి చూస్తున్నారు. నేను కనపడగానే ఇద్దరూ ఒకేసారి "చెప్పు" అన్నారు. మధ్యాహ్నం నుంచీ పేరుకుపోయిన మాటలన్నీ నా చేత చేరవేయించుకున్నారు. కరెంటు బిల్లు, కీళ్ళనొప్పుల మందు, పక్కింటి వాళ్ళ మోటారు రొద. ఆరోజు పాఠమే జరగలేదు.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీలో ఉద్యోగానికి పిలిచారు. ఇంటర్వ్యూలో ప్రశ్నలేమీ అడగలేదు. మోగుతున్న ఫోను నా చేతిలో పెట్టి, మాట్లాడమన్నారు. అవతల ఒక డీలరు శివాలెత్తుతున్నాడు. కళ్ళు మూసుకుంటే నల్ల తలుపులు కనిపించాయి. "ప్లీజ్ హోల్డ్ ఆన్. ఐ విల్ ఫైండ్ అవుట్ అండ్ కాల్ యూ బ్యాక్" అన్నాను. మూడు జంటలు, ఒక్క ఊపిరిలో. డీలరు చల్లబడ్డాడు, ఉద్యోగం వచ్చింది. డ్యూటీ మాత్రం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా.

ఆ మాట చెప్పగానే మాస్టారు "భేష్" అన్నారు. తర్వాత సుద్దముక్కని గూట్లో పెట్టారు, మళ్ళీ తీశారు, మళ్ళీ పెట్టారు.

"అమ్మాయ్, మీ మాస్టారుకి చెప్పు. పిల్లకి ఉద్యోగమొచ్చిందంటే మొహం అట్టా పెట్టగూడదని" అంది పిన్ని.

"మీ పిన్నికి చెప్పు. అద్దంలో ఆమె మొహం కూడా చూసుకోమని" అన్నారు మాస్టారు.

ఇద్దరి మొహాలూ చూస్తుంటే, ఈ ఉద్యోగం వద్దని చెప్పేద్దామా అనిపించింది. మా అమ్మకు ఆ ముక్క చెబితే, "వాళ్ళ గోంగూర పచ్చడికి నువ్వు నీ బతుకు పాడుచేసుకుంటావా?" అని కేకలేసింది. అమ్మ మాటా నిజమే.

డ్యూటీలో చేరే రోజు మాస్టారు బస్టాండు దాకా వస్తానని పట్టుబట్టారు. దారంతా పాఠమే. "నిలబడి నాలుగడుగులు వేయగలిగే బండైతే గెట్ ఆన్. వంగి దూరాల్సిన బండైతే గెట్ ఇన్. బస్సుకి ఆన్, కారుకి ఇన్."

"ఆటోకి?"

"మన పల్నాడు ఆటోకా? సగం మంది ఇన్, సగం మంది ఆన్" అన్నారు మొహంలో నవ్వు లేకుండా.

బస్టాండులో ఆయన వేలు చూపించి, "అదిగో నీ బస్సు, ఎక్కు" అన్నారు. అది మాచర్ల బస్సు. దాచేపల్లికి సరిగ్గా ఎదురు దిక్కు. అప్పుడు చూశాను, ఆయన కళ్ళజోడు లేకుండా వచ్చారు. బయటికి వెళ్ళేటప్పుడల్లా మరచిపోవడం ఆయనకు అలవాటు. గేటు దాటకముందే పిన్ని మాలో ఎవరినో కేకేసి "మీ మాస్టారుకి చెప్పు, కళ్ళజోడు" అనడం ఆమెకు అలవాటు. ఆరోజు నన్ను సాగనంపే హడావుడిలో ఇద్దరూ మరచిపోయారు.

నేను దాచేపల్లి బస్సు వెతుక్కుని ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. మాస్టారు కింద నిలబడి, చేతులు ఊపుతూ, "టేక్ కేర్ ఆఫ్..." అంటూ ఇంకేదో చెబుతున్నారు. ఆయన వెనకాల మాచర్ల బస్సు రివర్సు వస్తోంది. హారన్ మోగుతోంది. కండక్టరు బస్సు వెనక చరుస్తూ "రైట్, రైట్" అంటున్నాడు. మాస్టారికి అదేమీ పట్టలేదు. నేను అరిచిన అరుపు ఆ గోలలో కలిసిపోయింది.

రోడ్డవతలనుంచి పిన్ని వస్తోంది. కొంగు బిగించి, కుడిచేత్తో కళ్ళజోడు పైకెత్తి పట్టుకుని, దాదాపు పరుగు. బస్సు వెనక్కి రావడం ఆమె కూడా చూసింది. కిటికీలో ఉన్న నా వైపు ఒక్కసారి చూసింది. నేను ఆమెకు చాలా దూరంలో ఉన్నాను. చెప్పి పంపడానికి ఎవరూ లేరు.

"ఏమయ్యోయ్! పక్కకి జరుగు!"

బస్టాండు మొత్తం తిరిగి చూసింది. మాస్టారు ఎగిరి పక్కకు దూకారు. బస్సు ఆయన నిలబడిన చోటు మీదుగా వెనక్కి వెళ్ళి ఆగింది.

"ఏందే?" అన్నారు మాస్టారు, తేరుకోకుండానే.

అన్నాక ఇద్దరికీ తెలిసింది. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు గుడ్లప్పగించి నిలబడ్డారు. ఇద్దరూ పెళ్ళిచూపుల్లో దొరికిపోయినవాళ్ళలా ఉన్నారు. పందెం ప్రకారమైతే పిన్ని ఓడింది. బదులు పలికారు కాబట్టి ఆయనా గెలవలేదు. మాస్టారు నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"మీ పిన్నికి చెప్పు," అన్నారు. "గెలిచింది తనేనని."

పిన్ని వెనకాలే వచ్చి నిలబడింది. "మీ మాస్టారుకి చెప్పమ్మాయ్. ముందు కళ్ళజోడు పెట్టుకొని చావమని."

నేను రెండూ చెప్పాను. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా చూశాను. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నారు. మధ్యలో నేను పట్టేంత జాగా ఉంది.

ఆ ఆదివారం భయంభయంగానే వెళ్ళాను. ఇల్లు మూగబోయి ఉంటుందనుకున్నాను. గేటు దగ్గరే పిన్ని గొంతు వినపడింది. "ఏమే పిల్లీ, మీ మాస్టారుకి చెప్పు. ఉప్మా అయిందని." వెంటనే మాస్టారి గొంతు. "పిల్లీ, మీ పిన్నికి చెప్పు. జీడిపప్పు వేసిందా లేదా తేల్చమని." చాప మీద, సరిగ్గా నేను కూర్చునే చోట, ఒక బూడిదరంగు పిల్లి గుర్రుపెట్టి నిద్రపోతోంది. నా ఉద్యోగం దానికిచ్చేశారు. నవ్వొచ్చింది, కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. ఇంగ్లీషు అక్షరమైనా రాని పిల్లి!

తర్వాత ఎప్పుడు వెళ్ళినా అదే వరస. పిల్లి లేకపోతే పాలు పోసే ఆమె, ఆమె లేకపోతే గ్యాసుబండ తెచ్చినతను. అలక ఎప్పుడో తీరిపోయిందని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఆ పద్ధతి మీద మోజే తీరలేదు.

మాస్టారు పోయారన్న కబురు విన్నాక సెలవు దొరికేసరికి రెండు రోజులు పట్టింది. గురజాల వెళ్ళేసరికి వచ్చిన బంధువులు చాలావరకు వెళ్ళిపోయారు. వరండాలో మూసి ఉన్న నల్ల తలుపుల ముందు స్టూలు వేసి, దాని మీద మాస్టారి ఫొటో పెట్టారు. ఫొటో ముందు కళ్ళజోడు, పొగలు కక్కుతున్న కాఫీ గ్లాసు. పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి చాప మీద చెయ్యి వేసి చూపించింది. ఫొటోకీ ఆమెకీ మధ్యలో, నా పాత చోటే. వెళ్ళి కూర్చున్నాను.

"మీ మాస్టారుకి చెప్పు" అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

"ఏమయ్యా, అమ్మాయి వచ్చింది. చూడు" అంది నేరుగా ఫొటోతో.

నాకు దుఃఖం ఆగలేదు. మాస్టారు పోయారని మొదటిసారి అప్పుడే నమ్మాను. పిన్ని నా వీపు నిమురుతూ ఫొటో వంకే చూస్తోంది.

"మొన్నటి నుంచీ నేరుగానే మాట్టాడతన్నాలే అమ్మాయ్. తెల్లారినకాడి నుంచి పిలుస్తన్నా. ఆయనే పలకట్లా. ఈసారి చానా గట్టిగా అలిగినట్టుండాడు." కాఫీ గ్లాసు ఫొటోకి ఇంకొంచెం దగ్గరగా జరిపింది. "పోనీ, నువ్వొకసారి చెప్పి చూడు. నువ్వు చెబితే వినేవాడు."

నేను కళ్ళు తుడుచుకుని ఫొటో వైపు తిరిగాను. ఆయనకు చెవుడేమో అనుకున్న మొదటిరోజు లాగే గొంతు పెంచాను.

"మాస్టారూ, కాఫీ చల్లారితే మళ్ళీ కాచేది లేదంట."